ఒదుగుడు బిళ్ళ ఓబులేసు సారు

ధర్మవరంలో ఒక నేతవారి ఇంట్లో మా అక్క కూతురి పెండ్లికి పట్టుచీరలు చూస్తూ కూర్చున్నాను. ఆ ఇంటి ఇల్లాలు ఒక్కొక్క మడత విప్పి నా ఒడిలో పరుస్తూ ఉంటే, రంగులు చూసుకుంటూ లోకం మరిచి ఉన్నాను. అప్పుడు మా హెడ్మాస్టరు గారి ఫోను వచ్చింది. "ఓబులేసు పోయినాడమ్మా" అన్నారు. "యాడికి పోయినారు సార్?" అని అడిగాను. అడిగాక గాని నాకు సంగతి బోధపడలేదు. అంతటి దుర్వార్త విని కూడా ఒడిలోని చీరను జాగ్రత్తగా మడిచి ఆమె చేతికిచ్చాను. చేతులు తమ పని తాము చేసుకున్నాయి. మనస్సు మాత్రం మొద్దుబారిపోయింది.

ఆ వారం మొదట్లోనే అనంతపురం ఆసుపత్రిలో ఆయనను చూసి వచ్చాను. గుండె నీరసించిందనీ, విశ్రాంతి తీసుకుంటే తేరుకుంటారనీ వైద్యులు చెప్పారు. ముఖం తేటగా ఉంది. మాతో మాట్లాడారు, నవ్వారు. ఆ నవ్వును నమ్ముకొని నేను నిశ్చింతగా పెండ్లి పనుల మీద బస్సెక్కాను. ఒక ఆత్మీయుడు కడపటి శ్వాస తీసుకుంటున్న ఘడియలో నేను జరీ అంచుల వెడల్పు గురించి బేరమాడుతున్నాను. ఇందులో నా దోషం ఏమీ లేదని అందరూ అంటున్నారు. ఈ మాటనే ఓబులేసు సారుకు మేమందరం ఏండ్ల తరబడి చెప్పాము. దాని విలువ ఎంతో ఇప్పుడు తెలుస్తోంది.

నల్లమాడ దాటి రాళ్ళగుట్టల నడుమకు పోతే మా ఊరు వస్తుంది. ఆ ఊరి ఉన్నత పాఠశాలలో ఓబులేసు సారు వ్యాయామోపాధ్యాయుడు. నేను తెలుగు పండితురాలిని. పామిడి దగ్గర పెన్న ఇసుకలో పరుగెత్తి పెరిగిన మనిషి ఆయన. ఆజానుబాహువు అనే మాటకు పిల్లలకు అర్థం చెప్పవలసి వస్తే, కిటికీలోంచి మైదానం వైపు చూపించి ఊరుకునేదాన్ని. చాక్‌పీసు పొడితో తెల్లగా రుద్దిన కాన్వాసు బూట్లు, మెడలో నల్లదారానికి కట్టిన విజిలు, ఎండకు రాగిరంగు తేలిన ముఖం. కాలేజీ రోజుల్లో డిస్కస్ విసరడంలో జిల్లా అంతటా పేరున్నవాడని పాతవాళ్ళు చెప్పేవారు. ఆయన నోట మాత్రం ఆ ముచ్చట ఎన్నడూ వినలేదు.

కరువు ఏండ్లలో ఆయన డ్రిల్లు పీరియడ్‌ను మధ్యాహ్న భోజనం తరువాతికి మార్పించారు. హెడ్మాస్టరు అభ్యంతరం చెప్పారు. ఎక్కడైనా పొద్దున్నే కదా కసరత్తు చేయిస్తారని వాదించారు. సారు వరుసలో నిలబడిన పిల్లలను చూపించి, "కడుపు నిండనోనికి కసరత్తు చెప్పగూడదు సార్. వీళ్ళలో సగం మంది రాత్రి సరిగా తినిండరు. ఉరికిస్తే ఆ పాపం నాది" అన్నారు. పాపం అనే మాట ఆయనకు ఊతపదం కాదు. తూచి వాడేవారు. ఎదుటివాళ్ళ విషయంలో ఎన్నడూ వాడలేదు. తన విషయంలోనే వాడుకున్నారు.

ఆ పాపం సంగతి చెప్పకుండా ఆయనను గురించి రాయడం అసత్యం అవుతుంది. ఇది తొంభైల చివరి మాట. ఆషాఢ మాసం. మా సీమలో ఆ నెల గాలికి పేరు. వేరుశనగ మొలకల మీద దుమ్ము కప్పుతూ పగలంతా వీస్తూనే ఉంటుంది. పోటీలు దగ్గర పడుతున్నాయని సారు పెద్ద తరగతి పిల్లలకు డిస్కస్ నేర్పిస్తున్నారు. చుట్టూ ఇనుప పట్టీ వేసిన బరువైన కొయ్య చక్రం అది. భోజన విరామంలో ఉపాధ్యాయులమందరం వరండాలో నిలబడి చూస్తున్నాం. మాలో ఒకరు, మీ చెయ్యి ఒకసారి చూపించండి సారూ అని అడిగారు. ఆయన మొదట మొహమాటపడ్డారు. తరువాత చొక్కా చేతులు పైకి మడిచారు.

మైదానం ఆ చివర తొమ్మిదో తరగతి ఆడపిల్లలు పరుగుపందెం దారిలోని రాళ్ళూ, పల్లేరుకాయలూ ఏరుతున్నారు. సారు వాళ్ళను చూశారు. తప్పుకోండని కేక వేశారు. ఎదురుగాలికి ఆ కేక వాళ్ళకు చేరలేదు. వాళ్ళు ఉన్న దిక్కు వేరు, చక్రం పోయే దిక్కు వేరు అనుకొని, ఆయన గిర్రున తిరిగి విసిరారు. ఒక వస్తువు అంత సుందరంగా గాలిలో పోవడం నేను అదివరకు చూడలేదు. మేము చప్పట్లు కొట్టాము. ఆ చప్పట్లు ఆగకముందే చక్రం గాలికి హద్దు గీత దాటి పక్కకు కొట్టుకుపోయింది. గంగ అనే పిల్ల ఏరిన రాళ్ళు గట్టు మీద వేయడానికి అప్పుడే లేచి నిలబడింది. చక్రం ఆమె కుడి మోచేతికి తగిలింది.

పిల్లను ఎత్తుకొని రోడ్డు దాకా ఆయన పరుగెత్తిన పరుగు నాకు ఇంకా కండ్ల ముందు ఉంది. దారిన పోయే జీపును ఆపి కదిరికి తీసుకుపోయారు. ప్రాణానికి అపాయం తప్పింది. మోచేతి ఎముక నుగ్గయింది. అది అతుక్కున్నది గాని, ఆ చెయ్యి మళ్ళీ పూర్తిగా చాపడానికి రాలేదు. వేళ్ళలో పట్టు పోయింది.

గంగ తండ్రి తిమ్మప్ప గొర్రెల కాపరి. మందతో దూరంగా ఉన్నవాడు కబురు తెలిసి మరునాడు బడికి వచ్చాడు. భుజం మీద గొంగడి, చేతిలో కర్ర. హెడ్మాస్టరు గారు కుర్చీ వేయించి, ఇది దైవికంగా జరిగిందని, ఆ గాలి అట్లా వీచిందని, ఎవరి తప్పూ కాదని నచ్చజెప్పారు. తిమ్మప్ప కుర్చీలో కూర్చోలేదు. అంతా విన్నాడు. తల వంచుకొని నిలబడి ఉన్న ఓబులేసు సారు వైపు తిరిగి ఒకే మాట అన్నాడు.

"గొర్రె కాలిరిగితే గాలిని అడగరు సారూ. కాపరిని అడుగుతారు."

కోపంగా అనలేదు. తనకు తెలిసిన ధర్మం చెప్పినట్టు చెప్పి, కర్ర తీసుకొని వెళ్ళిపోయాడు. రాసే చెయ్యే లేనప్పుడు బడెందుకని గంగను తనతోపాటు మంద వెంట తీసుకుపోయాడు.

ఆ మాటను ఓబులేసు సారు జీవితాంతం వేదవాక్యంలా మోశారు. మేము ఓదార్చబోయినప్పుడల్లా దానినే వల్లించేవారు. మీ తప్పేముంది సారూ అంటే, గాలిని అడగరు పంతులమ్మా అనేవారు. డిస్కసులు, ఇనుప గుండ్లు, ఈటెలు అన్నిటినీ ఆటల గదిలోని ట్రంకు పెట్టెలో వేసి తాళం వేశారు. విసిరే పోటీలకు మా బడి నుంచి పిల్లలు పోవడం నిలిచిపోయింది. ఆ ఏండ్లలో భుజబలం కలిగిన పిల్లలు కొందరు వచ్చారు, వెళ్ళారు. వాళ్ళకు ఏమి రాసిపెట్టి ఉండేదో తెలియకుండానే పోయింది. ఆకాశంలో గద్ద గుండ్రంగా తిరుగుతూ ఉన్నా ఆయన తల తిప్పుకునేవారు. అతిశయోక్తి అనుకోకండి. పక్కన నిలబడి చూసిన మాట చెబుతున్నాను.

తరువాత కొన్నేండ్లకు, చెరువుల పూడికతీత పనులు చూడటానికి పీటర్ అనే విదేశీ యువకుడు మా ఊరికి వచ్చాడు. ఒక ఎండాకాలమంతా మాలోనే ఉన్నాడు. సాయంత్రాలు ఒక సంచి భుజానికి తగిలించుకొని బీడు భూముల్లోకి పోయేవాడు. ఆ సంచి నిండా రంగురంగుల ప్లాస్టిక్ బిళ్ళలు. కానుగ చెట్టు కొమ్మకు గంప ఒకటి వేలాడదీసి, ఎంతో దూరం నుంచి ఆ బిళ్ళలు విసురుతూ, పడినచోటి నుంచి మళ్ళీ విసురుతూ, చివరికి గంపలో వేసేవాడు. వాళ్ళ దేశంలో దాన్ని డిస్క్ గోల్ఫ్ అంటారట. ఊరివాళ్ళు మాత్రం దొర కంచాలు పారేసుకొని ఏరుకుంటున్నాడని నవ్వేవారు.

ఓబులేసు సారు ఆ వైపే పోయేవారు కాదు. ఒకనాడు పొలం గట్టున వస్తూ ఉంటే ఒక బిళ్ళ వచ్చి ఆయన కాళ్ళ దగ్గర పడింది. పీటర్ దూరం నుంచి చెయ్యి ఊపి, విసరమన్నాడు. సారు దానిని తీసుకొని, బీడంతా నడిచి, అతని చేతిలో పెట్టారు. ఎందుకు విసరలేదని అతడు అడిగాడు. సారుకు వచ్చిన ఇంగ్లీషు కొంచెమే. ఆ కొంచెంతోనే గంగ సంగతి మొత్తం చెప్పారు. అపరిచితుడి ముందు చెప్పుకోవడం సులభం కాబోలు. పీటర్ అంతా విన్నాడట. తరువాత సంచిలో వెతికి బంతిపువ్వు రంగు బిళ్ళ ఒకటి తీశాడు.

ఆ బిళ్ళను గురించి అతడు చెప్పినది సారు నాకు వివరించారు. ఈ ఆటలో బిళ్ళలు చాలా రకాలు. మరీ దూరం పోయేవాటి అంచు పలుచగా ఉంటుంది, వాటికి గట్టి చెయ్యి కావాలి. గంపలో వేసేవి మొద్దుగా ఉంటాయి. ఈ రెంటికీ నడుమ, దారి తప్పకుండా ముందుకు తీసుకుపోయేదానిని ఫెయిర్‌వే డ్రైవర్ అంటారు. వాటిలోనూ ఇది అండర్‌స్టేబుల్ జాతి. బలవంతుడు కుడిచేత్తో శక్తికొద్దీ విసిరితే కుడివైపుకు ఒరిగి, నేలను తాకి దొర్లుకుంటూ పోతుంది. ఎడమచేతివాటం వాళ్ళకు ఎడమకు ఒరుగుతుంది. బలం తక్కువైన చెయ్యి నెమ్మదిగా వదిలితే తిన్నగా, తేలికగా, చాలా దూరం తేలుతూ పోతుంది.

మరునాడు పిల్లలు పరుగెత్తుకొచ్చి, సారుకేమో అయిందని, దొర చేత దెబ్బలు తింటున్నాడని చెప్పారు. నేను ఆదరాబాదరాగా పోయాను. నిజంగానే ఓబులేసు సారు చొక్కా చేతులు పైకి మడిచి, కుడిచెయ్యి అడ్డంగా చాపి నిలబడి ఉన్నారు. పీటర్ ఇబ్బందిగా ముఖం పెట్టి ఆ బిళ్ళను ఆయన మోచేతి మీదికి విసురుతున్నాడు. చెయ్యి కమిలి ఉంది. ఇంకా గట్టిగా విసరమని సారు సైగ చేస్తున్నారు.

"ఇదేం పని సారూ?" అన్నాను.

"ఎముక తట్టుకుంటాదా లేదా అని చూస్తాండా పంతులమ్మా" అన్నారు. "నొప్పి ఉండాది. విరగదు."

ఆయన ముఖంలో నేను చాలా ఏండ్లుగా చూడని ప్రసన్నత ఆనాడు కనిపించింది.

వెళ్ళేటప్పుడు పీటర్ ఆ బిళ్ళను ఆయనకే ఇచ్చి వెళ్ళాడు. సారు దానికి ఒక తెలుగు పేరు కావాలని నన్ను అడిగారు. నేను రాత్రంతా ఆలోచించి, అల్పస్థిర మార్గచక్రం అని ఒక సమాసం కూర్చి, గర్వంగా తెచ్చి వినిపించాను. ఆయన ఒకటి రెండు సార్లు నోట్లో తిప్పుకొని చూశారు. "ఆ పేరు పలికేలోపల బిళ్ళ గంపలో పడతాది" అన్నారు. తరువాత ఆయనే, బలమున్నోని మాట వినదు, బలం లేనోని చేతిలో ఒదుగుతాది, ఒదుగుడు బిళ్ళ అందాం అని తేల్చారు. నా పాండిత్యం అంతటితో సరి. కొన్నాళ్ళకు ఊరు ఊరంతా ఆయననే ఒదుగుడు బిళ్ళ సారు అనడం మొదలుపెట్టింది.

సెలవు పెట్టి, ఆ బిళ్ళను సంచిలో వేసుకొని ఆయన గంగను వెతుక్కుంటూ పోయారు. కోతలయ్యాక మేత కోసం తిమ్మప్ప మంద పెన్న వైపు పోతుంది. పామిడి చుట్టుపక్కల పల్లెల్లో అడుగుతూ తిరిగి, చివరికి కోత కోసిన ఒక మడిలో మంద కట్టి ఉండగా వాళ్ళను పట్టుకున్నారు. అక్కడ జరిగినది సారు నాకు చెప్పలేదు. తరువాత గంగే చెప్పింది.

సారు బిళ్ళను తీసి చూపించగానే గంగకు ఒళ్ళు మండిందట. నా చెయ్యి తీసినోడు నాకు చక్రం తెచ్చినాడా అని, దానిని లాక్కొని ఎడమచేత్తో దూరంగా విసిరికొట్టింది. అది అక్కడే పడిపోలేదు. గొర్రెల మీదుగా తేలుతూ, మడి దాటి, ఆవలి మడి కూడా దాటి నేలకు దిగింది. గంగ నివ్వెరపోయి చూసింది. సారు నడిచి పోయి, దానిని తెచ్చి ఆమె ముందు పెట్టారు. ఆమె మళ్ళీ విసిరింది. ఆయన మళ్ళీ పోయి తెచ్చారు. ఈసారి ఆమె ముళ్ళకంప ఉన్న వైపు విసిరింది. ఆయన కంపలోకి దూరి తెచ్చారు. ఏటి వైపు, గుట్ట వైపు, గొర్రెల నడుమకు, ఆమె కావాలని దిక్కు మార్చి విసురుతూనే ఉంది. పొద్దు వాలే దాకా ఆయన ఆ బిళ్ళ వెంట పరుగెత్తుతూనే ఉన్నారు. తిమ్మప్ప కర్ర మీద గడ్డం ఆనించి చూస్తూ నిలబడ్డాడు, వద్దనలేదు.

"కుక్క మాదిరి ఉరికించినా పంతులమ్మా" అని గంగ నాతో చెప్పింది. "పాపమనిపించలే. బాగుండె. ఆయప్ప చొక్కా చినిగిపోయి, ముండ్లు గీరుకోని నిలబడితే, అప్పుడు నవ్వొచ్చింది."

ఆ నవ్వు వచ్చాకే ఆమె చదువుకు తిరిగి రావడం సాధ్యమైంది. ఆ ఏడు తిమ్మప్ప కూతురిని ఊళ్ళో తన చెల్లెలి ఇంట ఉంచాడు. ఎడమచేత్తో రాయడం ఆమె నా దగ్గర నేర్చుకుంది. మొదట అక్షరాలు మేకపిల్లల్లా ఎటంటే అటు గెంతేవి. పట్టుదల గల పిల్ల. ప్రైవేటుగా పదో తరగతి పూర్తి చేసింది.

ఆదివారాలు బీడులో బిళ్ళాట జరిగేది. చెట్లకు, కొండరాళ్ళకు, పాడుబడిన మోటబావి దూలానికి సారు గంపలు కట్టారు. పోలియో కాలు ఉన్న పిల్లవాడు, వేరుశనగకాయలు ఒలిచి వేళ్ళు కాయలు కాచిన ఆడకూలీలు, మోకాళ్ళు పట్టేసిన ముసలివాళ్ళు, డ్రిల్లు వరుసలో ఎన్నడూ చోటు దొరకని వాళ్ళందరూ ఆ ఆటకు వచ్చేవారు. కండలు తిరిగిన యువకులు వచ్చి బలమంతా పెట్టి విసిరితే ఒదుగుడు బిళ్ళ పక్కకు ఒరిగి, దొర్లుకుంటూ కంపలో దూరేది. ఒక ముసలామె వచ్చి రొట్టె పెనం మీద వేసినంత నెమ్మదిగా వదిలితే గంప దగ్గరికి పోయేది. అప్పుడు సారు విజిలు వేసి, మెల్లగా పోయేవానికి దారి కనిపిస్తాది అనేవారు. రాళ్ళకు రాసుకొని అంచు అరిగేకొద్దీ అది ఇంకా తొందరగా ఒరగసాగింది. ఇంకా మెల్లగా విసరండప్పా అనేవారు. పీటర్‌ను గురించి మాకు మళ్ళీ ఏమీ తెలియలేదు. వేరే బిళ్ళ దొరికే తావు మా జిల్లాలో ఎక్కడా లేదు.

ఇంతటి ఆనందంలోనూ ఆయన అంతరంగం కుదుటపడలేదు. బిళ్ళ పోయే దారిలో చీమ కూడా ఉండటానికి వీలు లేదన్నట్టు విజిలు ఊది ఊది అందరినీ వెనక్కి తోసేవారు. గంగను మాత్రం మట్టిగోడ చాటున నిలబడమనేవారు. ఆమెకు పెండ్లయి, మా పక్క ఊళ్ళో అంగన్‌వాడీ టీచరుగా కుదిరిన తరువాత కూడా ఆ పద్ధతి మారలేదు. ఒక ఆదివారం ఆమె గోడ చాటు నుంచి బయటికి వచ్చి, అందరూ వింటూ ఉండగానే అన్నది.

"సారూ, నన్ను చూసినప్పుడల్లా నువ్వు చెయ్యి చూస్తాండావు. ఒకపారి మొగం చూడు. నేను గంగను. చెయ్యొకటే గాదు నేను."

సారు విజిలు నోట్లోంచి తీశారు. ఆమె ఆగలేదు. ట్రంకు పెట్టెకు తాళం వేసి బడిపిల్లల చేతులు కట్టేసినావు, నా పేరు చెప్పి ఆ పని చేయొద్దు అన్నది. ఆమె పెనిమిటి తమ్ముడు ఆ ఏడు మా బడిలోనే చదువుతున్నాడు. మంచి భుజబలం గల పిల్లవాడు. వాని విషయమే ఆమె మనస్సులో ఉన్నదని తరువాత తెలిసింది.

ఆ సోమవారం ఓబులేసు సారు ట్రంకు పెట్టె తాళం తీశారు. తాళం తుప్పు పట్టి రాకపోతే రాయితో పగులగొట్టారు. మైదానం చుట్టూ తాడు కట్టించి, నాలుగు దిక్కులా మనుషులను నిలబెట్టి, మళ్ళీ డిస్కస్ నేర్పడం మొదలుపెట్టారు. తాను మాత్రం చక్రం చేతపట్టలేదు. ఒక తప్పుకు ప్రాయశ్చిత్తమని ఇంకొక తప్పు చేస్తా వచ్చినా పంతులమ్మా, ఆ పిల్లోళ్ళకు ఎవరు జవాబు చెప్పల్ల అని నాతో అన్నారు. మీరు మంచి మనస్సుతోనే చేశారు కదా అన్నాను. ఆయన తాడు సరిచూడటానికి మైదానంలోకి పోయారు.

ఇక ఆసుపత్రి సంగతి. నేనూ గంగా కలిసే పోయాము. మంచం పక్కన ఆయన భార్య నాగరత్నమ్మ, మడకశిర వైపు బస్సుల్లో కండక్టరుగా పనిచేసే కొడుకు ఉన్నారు. సారు మమ్మల్ని కూర్చోమన్నారు. వానల గురించి, బడి గురించి మాట్లాడారు. తరువాత ఆయన గంగ ముఖం వైపే చూస్తూ, ఇన్నేండ్లుగా అడగలేనిది అడిగారు.

"అమ్మా, నామీద నీకు కోపం పోయిందా?"

నాగరత్నమ్మ నొచ్చుకుంది. ఇప్పుడెందుకా మాటలు అన్నది. నేను కూడా, పోయిందని చెప్పు తల్లీ అన్నట్టు గంగ వైపు చూశాను. గంగ మంచం దగ్గరికి జరిగింది.

"కోపముండాది సారూ" అన్నది. "పొద్దున్నే జడ వేసుకునేటప్పుడు వస్తాది. బిడ్డను ఎత్తుకునేటప్పుడు వస్తాది. యాడికీ పోలేదు. అయినా నిన్ను చూడల్లనిపించింది, వచ్చినా."

ఓబులేసు సారు కండ్లు మూసుకున్నారు. కనుకొలకుల నుంచి నీళ్ళు జారాయి. కాని ఆ ముఖంలో వేదన లేదు. మోస్తున్న బరువును, దానిని ఎరిగిన మనిషి ఒకరు ఇంకొక వైపు నుంచి పట్టుకున్నప్పుడు కలిగే నెమ్మది అది.

"చాలమ్మా" అన్నారు. "నువ్వొకదానివి నిజం చెప్పినావు. చాలు."

తరువాత మజ్జిగ కావాలని అడిగి తాగారు. గంగ తన బిడ్డ చేసే అల్లరి చెబుతూ ఉంటే నవ్వారు. నేను నమ్ముకొని వచ్చిన నవ్వు అదే.

బయటికి వచ్చాక, బస్సు కోసం నిలబడినప్పుడు, జబ్బు మనిషితో అంత మాట అనాలా అని గంగను మందలించాను. ఆమె నొచ్చుకోలేదు. "ఆయప్పకు అబద్ధం చెప్పేటోళ్ళు శానామంది ఉండారు పంతులమ్మా. ఇంక నేను గూడా ఎందుకు?" అన్నది.

ఆ శానామందిలో నేనే మొదటిదాన్ని. మీ తప్పేమీ లేదు, మీ తప్పేమీ లేదు అని మేము పదేపదే అన్నది ఆయన క్షేమం కోరి కాదేమో, ఆ దుఃఖాన్ని చూస్తూ ఉండలేక తొందరగా మూత పెట్టాలని కాబోలు. మేము చెప్పిన ప్రతిసారీ ఆయన ఇంకా ఒంటరివాడయ్యాడు. ఆనాడు చప్పట్లు కొట్టిన చేతులే ఆ తరువాత ఆయన భుజం తట్టాయి. ఈ వ్యాసం రాస్తున్న చెయ్యి కూడా ఆ చేతులలో ఒకటి.

అంత్యక్రియలకు ఊరు ఊరంతా కదిలింది. బిళ్ళాటకు వచ్చే ముసలివాళ్ళు మెల్లగా నడిచి, అందరికంటే వెనుక చేరారు. తిమ్మప్ప మందను ఎవరికో అప్పగించి వచ్చాడు. గంగ ఎడమచేత్తో పిడికెడు మట్టి వేసి, కుడిచెయ్యి కూడా వీలైనంతమేరకు ముందుకు చాపి నమస్కరించింది. ఏడవలేదు. అందరూ ఇండ్లకు పోయాక నాగరత్నమ్మ దగ్గర ఆమే ఉండిపోయింది. ఆ వారమంతా ఆ ఇంట పొయ్యి వెలిగించింది ఆమే.

కర్తవ్యనిష్ఠ, నిరాడంబరత, శిష్యవాత్సల్యం వంటి సద్గుణాలను సంస్మరణ వ్యాసాలలో చెప్పడం పరిపాటి. అవన్నీ ఆయనలో ఉన్నాయి. అంతకు మించినది ఒకటి ఉంది. తన వల్ల జరిగిన దానిని తనది కాదని ఆయన ఒక్కనాడూ అనలేదు. దైవం మీదికీ, గాలి మీదికీ తోయలేదు. అపరాధాన్ని ఆభరణంగా ధరించి తిరగడం కూడా తప్పేనని ఒక శిష్యురాలు చెబితే, ఆ మాటనూ తలవంచి స్వీకరించారు. ఇటువంటి ధర్మబుద్ధి గల మనిషిని నా జీవితంలో ఇంకొకరిని చూస్తానన్న ఆశ నాకు లేదు. ఆ మహనీయుని పాదాలకు, చెప్పవలసిన నిజం సకాలంలో చెప్పలేకపోయిన సహోద్యోగినిగా, నా నమస్సులు.

మా బడికి ఇంకా కొత్త వ్యాయామోపాధ్యాయుడు రాలేదు. డ్రిల్లు పీరియడ్‌లో పిల్లలు తమంతట తామే ఆడుకుంటున్నారు. మొన్న ఆరో తరగతి పిల్ల ఒకతె పరుగెత్తుతూ బోర్లా పడింది. పిల్లలెవరు పడినా, ఏడుపు మొదలుకాకముందే ఓబులేసు సారు అక్కడ ఉండేవారు. ఎట్లా చేరేవారో మాకెవరికీ అర్థమయ్యేది కాదు. ఆనాడు స్టాఫ్‌రూములోని ఉపాధ్యాయులమందరం ఒక్కసారిగా లేచి బయటికి పరుగెత్తాము. మేము పోయేసరికే ఆ పిల్ల ఏడ్చి, తనంతట తానే లేచి, మోకాలి రక్తం పావడాతో తుడుచుకుంటూ, చుట్టూ ఎవరికోసమో చూస్తోంది.